నలభై ఏడో నంబరు గర్భిణి

చచ్చిపోయిన నర్సు బీపీ మిషన్‌తో నా బీపీ చూసుకోవాలనే బుద్ధి నాకెందుకు పుట్టిందో ఇప్పటికీ తెలీదు. పుట్టడం మంచిదే అయింది. లేకపోతే ఆ కాగితాలు ఆ పెట్టెతో పాటే పాత సామాన్లలోకి పోయేవి.

1999 సెప్టెంబరు ఆరు, సోమవారం, పొద్దున ఎనిమిదీ ఇరవై. పెనుకొండలో స్వప్న అద్దెకుండిన గది. నేను మంచం మీద కూర్చున్నాను. గురువారం తెల్లారి స్వప్న శవం దొరికింది ఆ మంచం మీదే, పక్కన నాలుగు ఖాళీ మాత్రల అట్టలతో. ఇరవై ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పుల్లమ్మ గడప బయటే నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

నా పేరు ఉలిగప్ప. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై హిందూపురంలో డిటెక్టివ్ బోర్డు తగిలించి ఆరేళ్ళయింది. పెళ్ళిసంబంధాల ఎంక్వైరీలే ఎక్కువ వస్తాయి. చావు కేసు తెచ్చింది పుల్లమ్మ ఒక్కతే. "నా బిడ్డ అట్ల చేసుకునే రకం కాదు" అన్నది ఆమె దగ్గరున్న సాక్ష్యమంతా. ప్రతి తల్లీ అదే అంటుంది. పోలీసు ఉద్యోగంలో ఆ మాట విని విని నా చెవులు మొద్దుబారిపోయాయి.

సంగతి ఇదీ. హిందూపురంలో డాక్టర్ భాస్కరమూర్తి గర్భిణుల బీపీ మీద పరిశోధన చేస్తున్నాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కలిపి అరవైమంది కడుపుతో ఉన్నవాళ్ళు. అందరికీ ఒక కొత్త మాత్ర. స్వప్న వారం వారం వాళ్ళ ఇళ్ళకు పోయి బీపీ చూసి చీటీ పంపాలి, డాక్టరు ఆ అంకెలు కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. బీపీ మరీ పెరిగితే ఆ మనిషిని పరిశోధనలోంచి తీసేసి పెద్దాసుపత్రికి పంపాలన్నది నియమం. రెండు నెలల్లో ముగ్గురు ఫిట్స్ వచ్చి చచ్చిపోయారు. కంప్యూటర్‌లో మాత్రం ఆ ముగ్గురికీ చివరిదాకా బీపీ భేషుగ్గా ఉంది. స్వప్న ఇంట్లో కూర్చుని దొంగ అంకెలు రాసిందనీ, బండారం బయటపడగానే సిగ్గుతో మాత్రలు మింగిందనీ డాక్టరు చెబుతున్నాడు.

నిన్న పుల్లమ్మ పోయి అడిగితే కంప్యూటర్ కాగితాలు ఆమె చేతిలో పడేసి, "మీ అమ్మాయి ఘనకార్యం ఇది, ఎవరితోనైనా చదివించుకో" అన్నాడట. కూలికి పోయే ఆడమనిషి ఎవరితో చదివిస్తుందిలే అని ధీమా. నేను మూడుసార్లు చదివాను.

బీపీ పెట్టె మూత తీయగానే అడుగున పాదరసం చిన్న చిన్న గుండ్లుగా దొర్లింది.

"అదెవురు మూసినారు?" అంది పుల్లమ్మ.

"నీ బిడ్డే మూసింటాది."

"నా బిడ్డ అట్ల మూయదు సార్. దినామూ చూస్తాంటి కదా. పెట్టెను ఓ పక్కకు వంచేది. పాదరసమంతా బుడ్డీలోకి దిగేదాకా అట్లే పట్టుకోని, కింద మర తిప్పి, అప్పుడు మూత ఏసేది. ఒకసారి నేను ఊరికే మూసినానని కొట్టినంత పని చేసింది. కారితే ఇషమంట అది."

మర చూశాను. తెరిచే ఉంది. బీపీ చూడడం డాక్టర్లందరికీ వచ్చు. పెట్టె సర్దడం మాత్రం నర్సులకే వచ్చు, ఎందుకంటే డాక్టరు చూసి లేచిపోతాడు, మిగతాది పక్కనున్న మనిషి పని. ఈ పెట్టెను ఆఖర్న మూసినవాడికి సర్దే అలవాటు లేదు. వాడు ఇందులో ఏదో వెతికి, దొరక్క మూసేశాడు.

నేనూ వెతికాను. నాకూ దొరకలేదు. విసుగు పుట్టి, సరే ఈ మిషనైనా పనిచేస్తుందో లేదో చూద్దామని పట్టీ చేతికి చుట్టుకుని రబ్బరుబుడ్డి నొక్కాను. గాలెక్కేకొద్దీ పట్టీలోపల కాగితం నలిగిన చప్పుడు. రబ్బరు సంచీ తొడిగే సందులో వేలు పెట్టి లాగితే రెండు కాగితాలు వచ్చాయి, నిలువుగా నాలుగు మడతలు పెట్టి.

గుండ్రటి చేతిరాత. పేర్లు లేవు, నంబర్లే. ఒక్కో నంబరు ఎదుట తేదీ, బీపీ. కంప్యూటర్ కాగితాలు పక్కన పెట్టుకుని చూశాను. ఇక్కడ 150 ఉన్నచోట అక్కడ 115. ఇక్కడ 164 ఉన్నచోట అక్కడ 117. పన్నెండు, ముప్ఫై ఒకటి, యాభై రెండు నంబర్ల పక్కన చిన్న శిలువ గుర్తు పెట్టింది. చనిపోయిన ముగ్గురూ వాళ్ళే. అన్నిటికంటే కింద ఇది ఉంది:

"47. ఆగస్టు 31. బీపీ 168/112. యూరిన్‌లో అల్బుమిన్ మూడు ప్లస్సులు. మొహం వాపు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. డాక్టర్ గారికి రెండుసార్లు చెప్పినా. నీ పని నువ్వు చూసుకో అన్నారు. రేపు సాయంత్రంలోగా ఆయన పంపకపోతే నేనే పోయి చెప్తా."

రేపు అంటే సెప్టెంబరు ఒకటి. రెండో తారీకు తెల్లారి స్వప్న ఈ మంచం మీద శవమై ఉంది. కంప్యూటర్ కాగితంలో నలభై ఏడుకు ఆఖరి బీపీ సెప్టెంబరు నాలుగున, ధర్మవరంలో, 117/73. అంటే ఆమెను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఇంకా ఆ మాత్రలే మింగుతోంది. ముగ్గురు ఎలా పోయారో ఆమె కూడా అలాగే పోతుంది, ఇవాళో రేపో, తనకు ఏ జబ్బూ లేదనుకుంటూ. బీపీ ఎంతుందో గర్భిణులకు చెప్పకూడదని అక్కడ ఆంక్ష, భయపడతారట.

ఆమె పేరు స్వప్నకు తెలుసు. ఇక డాక్టరు దగ్గర సీలు వేసిన కవరు ఒకటి ఉంది, ఏ నంబరు ఎవరిదో అందులోనే రాసి ఉందని పుల్లమ్మకు కూతురు ఎప్పుడో చెప్పింది. కాగితాల్లో ఉన్నది ఆమెకు చదివి వినిపించాను.

పుల్లమ్మ ఏడవలేదు. "ఆయమ్మిని ముందు చూడు సార్" అంది. "నా బిడ్డ కత తర్వాత. అది చెప్పల్లని పొయ్యే పనిలోనే సచ్చింది. ఆయమ్మి కూడా సస్తే ఇది ఊరికే సచ్చినట్టే కదా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీని కోపం. పెట్టె సంకలో పెట్టుకుని లేచాను.

* * *

తొమ్మిదీ నలభైకి ఓబులమ్మ ఇంట్లో ఉన్నాను. ముప్ఫై ఒకటో నంబరు, ఆగస్టు పందొమ్మిదిన పోయిన గంగాదేవి, ఈమె కోడలే. ఆ ఇల్లు పుల్లమ్మకు తెలుసు. చావుకు పరామర్శకు స్వప్న తల్లిని వెంటబెట్టుకుని వచ్చిందట, వచ్చి ఓబులమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చిందట. ఎందుకేడ్చిందో అప్పుడెవరికీ అర్థం కాలేదు.

"ఎట్ల పోయిందమ్మా?" అన్నాను. ఇలాంటివి అడగడానికి మంచి పద్ధతంటూ ఏదీ లేదు.

"ముందు దినం తలనొప్పి అనె. కండ్ల ముందర మిణుకుమిణుకుమని మిరుగులు లేస్తాండాయత్తా అనె. రొమ్ము కింద పట్టుకున్నట్టుండాది అనె. మజ్జిగ తాగి పండుకోమంటి." ఓబులమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "తెల్లారి పండ్లు గిట్టకరుచుకుండె. నాలిక తెగి నోట్లో అంతా నెత్తురు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడె, గుర్రపువాతమన్నారు. ఆస్పత్రికి పొయ్యేలోపల బిడ్డ కూడా పాయె."

"అంతకుముందు నర్సు ఏమీ చెప్పలేదా?"

"కాళ్ళు వాచినాయి, డాక్టరుతో మాట్లాడతానని చెప్పె. ఆయప్పతో మాట్లాడిందో లేదో."

కంప్యూటర్ కాగితం తీశాను. "ఆగస్టు పదకొండు, సాయంత్రం ఐదూ నలభై. మీ ఇంటికొచ్చి చూసినట్టు ఉండాది. నూటా పదిహేను, డెబ్భై ఐదు. ఎవరొచ్చినారు ఆ పొద్దు?"

ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పదకొండు అంటే ఏ దినం?"

"బుధవారం. అమావాస్య."

"గ్రహణం దినమా!" ఆమె గొంతు లేచింది. "ఏమప్పా, నువ్వు ఈ సీమలోనే పుట్టినావా? కడుపుతో ఉండే మనిషిని గ్రహణం పూట ఎవురైనా ముట్టనిస్తారా? నాలుగింటికే కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి గదిలో పండబెట్టినా. గోరు గీక్కోనియ్యలేదు, ఒక పక్కకు ఒత్తిగిలనియ్యలేదు. విడిచినాక తలకు పోసేదాకా నీళ్ళు కూడా ఇయ్యలేదు. దేవుడొచ్చినా ఆ పొద్దు నా తలుపు తీయను. నర్సొచ్చి చేతికి పట్టీ చుడుతుందా?"

"స్వప్న రాలేదా?"

"ఆయమ్మి ముందు దినమే వచ్చి చూసి పాయె. రేపు గ్రహణం కదవ్వా, మీరెట్లా రానియ్యరు అని నగుకుంటా చెప్పె." కిటికీ వైపు చెయ్యి చూపించింది. "అంత కాపాడుకుంటి సార్. సూర్యుని నీడ పడకుండా కాపాడుకుంటి. ఎనిమిది దినాలు కూడా ఉండలేదు."

స్వప్న కాగితంలో 31 ఎదుట ఆగస్టు పది అని ఉంది. 158/104. పదకొండున ఏమీ లేదు. ఇదంతా ఓబులమ్మకు చెప్పాల్సిన అవసరం లేదు. చెప్పాను. పెద్దాసుపత్రికి పంపి ఉంటే బతికేదేమో అని కూడా చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను దయగల మనిషినని ఎవరూ అనరు, నాకు కావాల్సింది రేపు సాక్ష్యం చెప్పే మనిషి.

* * *

పెనుకొండలో బస్సెక్కి హిందూపురంలో డాక్టరు ఆఫీసు గేటు దగ్గర దిగేసరికి పదకొండూ యాభై. గేటు తీసింది సురేంద్ర.

సురేంద్ర ఒకప్పుడు నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ధర్మవరంలో సొంత బోర్డు పెట్టి, నా కేసులు మూడు తన్నుకుపోయాడు. స్వప్న దొంగ అంకెలు రాసిందని రుజువు చేసే పని డాక్టరు వాడికి అప్పగించాడు.

"రా అన్నా. పిలవకుండానే వచ్చినావే."

"నలభై ఏడో నంబరు ఎవరో చెప్పు. పేరు చెబితే పోతా."

"పేర్లు చెప్పేది లేదు. కవరు నా దగ్గరే ఉండాది." కోటు జేబు మీద తట్టుకున్నాడు. సెప్టెంబరు ఎండలో కోటు. "ఎవరడిగినా ఈయొద్దని సార్ ఆర్డర్."

"ఆమె చచ్చిపోతాది సురేంద్రా. బీపీ నూటా అరవై ఎనిమిది ఉన్నింది, ఆరు రోజుల కిందట."

"ఎవురు చెప్పినారు? దొంగలెక్కలు రాసి సచ్చిన నర్సా?" నవ్వాడు. "డాక్టరు భోజనం చేస్తాండాడు. కూర్చో."

"భోజనం కంటే..."

"కూర్చో అన్నా. వయసైపోయింది, కాళ్ళు నొప్పులు పుడతాయి."

వాడిని తోసుకుని పోబోయాను. చెయ్యి మెలితిప్పి బెంచీ మీద కూలేశాడు. ఆ పట్టు నేను నేర్పిందే. నన్ను యాభై నిమిషాలు కూర్చోబెట్టాడు. ఒకసారి టీ తెచ్చి నా ఎదురుగా తనే తాగాడు. గడియారం చూసిన ప్రతిసారీ వాడికి నవ్వొచ్చింది. పన్నెండూ నలభైకి లోపలికి పిలిచారు.

డాక్టర్ భాస్కరమూర్తి యాభై ఏళ్ళ మనిషి, చేతులు శుభ్రంగా ఉంటాయి, గొంతు పెంచడు. బల్ల మీద కంప్యూటర్, ఫోను, చిన్న ఎలక్ట్రానిక్ బీపీ మిషన్. నేను పాదరసం పెట్టె తీసి ఆ పక్కన పెట్టాను.

"ఇది ఎవరిది డాక్టర్ గారూ?"

"ఆ అమ్మాయిదే అయ్యుంటుంది. నేను పాదరసం ముట్టి పదేళ్ళయింది. ఇదిగో, బటన్ నొక్కితే చాలు."

"స్వప్న దగ్గర ఇలాంటి బటన్ మిషన్ ఉండేదా?"

"లేదు. ఫీల్డులో పాదరసమే వాడాలి, అది పరిశోధన షరతు."

"అయితే ఈ పాదరసం గొట్టం మీది గీతలు చూడండి. రెండేసి చొప్పున ఉన్నాయి. నూటా పద్నాలుగు, నూటా పదహారు. మధ్యలో గీత లేదు. స్వప్న చేతిరాతలో ఒక్క బేసి అంకె లేదు. మీ కంప్యూటర్‌లో నూటా పదిహేనులు, నూటా పదిహేడులు, డెబ్భై మూడులు."

సురేంద్ర అడ్డుపడ్డాడు. "గీతల మధ్యన ఆగితే నూటా పదిహేను అని రాయదా? ఇంట్లో కూర్చుని మనసుకొచ్చిన అంకె రాసే మనిషికి గీతలతో పనేముంది? అన్నా, నీ లెక్కల తెలివి పెండ్లి ఎంక్వైరీలకు పెట్టుకో."

తెలివైన మాటే. వాడు బుర్ర లేనివాడు కాదు, అందుకే నాకు మంట.

"సరే. సెప్టెంబరు నాలుగున నలభై ఏడుకు నూటా పదిహేడు, డెబ్భై మూడు. రెండో తారీకు చచ్చిన మనిషి నాలుగో తారీకు ఎట్ల రాసింది?"

డాక్టరు రెప్ప కూడా కొట్టలేదు.

"అది నేను చూశాను. స్వయంగా. ఈ మిషన్‌తో."

"యాడ?"

"ధర్మవరంలో, ఆ మనిషి ఇంట్లో. శనివారం పొద్దున పదకొండు ప్రాంతంలో. ఆరోగ్యంగా ఉంది. మీరు అనవసరంగా ఆయాసపడుతున్నారు."

"పేరేంటి?"

"నేను పేర్లు చూడను ఉలిగప్పగారూ. నంబర్లే చూస్తాను. పేర్లు చూస్తే జాలి కలుగుతుంది, జాలి కలిగితే పరిశోధన చెడిపోతుంది." కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ జబ్బులో కొందరు పోతారు. మాత్ర ఉన్నా పోతారు, లేకున్నా పోతారు. ముగ్గురి కోసం అరవైమంది లెక్క నాశనం చేయమంటారా? ఈ మాత్ర రేపు బజారులోకి వస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో మీకు తెలుసా?"

"నిలవవు. మీరు పెరిగిన బీపీని తగ్గించి రాసినారు. మాత్ర పనిచేయలేదు, మీ కంప్యూటరే పనిచేసింది."

"సార్‌ను అట్ల మాట్లాడొద్దు" అన్నాడు సురేంద్ర, నా భుజం మీద చెయ్యి వేసి. "ఆయన చేతి గుణం నాకు తెలుసు. నా ఇంటి మనిషిని కూడా ఆయన చేతిలోనే పెట్టినా."

ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

"ఆఖరి ప్రశ్న" అన్నాను డాక్టరుతో. "ఆగస్టు పదకొండు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా ఆరుగురు గర్భిణులను ఇళ్ళలో చూసినట్టు ఉంది. ఆ రోజు మీకు గుర్తుందా?"

ఆయన బల్ల మీది క్యాలెండర్ తిప్పాడు. దాని మీద పండగలు, తిథులు ఉండవు, అంకెలే ఉంటాయి. "బుధవారం. మామూలు పనిదినం. మూడు గంటల నుంచి నేను ఇక్కడే కంప్యూటర్ ముందు ఉన్నాను. ఏం?"

"ఏమీ లేదా ఆ సాయంత్రం? బాగా గుర్తు చేసుకోండి."

"ఏమీ లేదు. కాస్త మబ్బేసినట్టు వెలుతురు తగ్గింది, లైటు వేసుకున్నాను. వాళ్ళ చీటీలు వచ్చాయి, ఎక్కించాను."

నా భుజం మీది చెయ్యి సడలింది.

"సార్" అన్నాడు సురేంద్ర నెమ్మదిగా. "ఆ పొద్దు సూర్యగ్రహణం."

"అయితే?"

"కడుపుతో ఉండేవాళ్ళను ఎవురూ చూడనియ్యరు సార్. ఈ పక్క అట్ల చూడనిచ్చే ఇల్లే లేదు. మా ఇంట్లోనే నాలుగు గంటల్నించి ఏడున్నర దాకా నేను గడపకు అడ్డంగా కూర్చున్న్యా. సొంత చెల్లెలొచ్చినా లోపలికి ఇడిసిపెట్టలేదు." వాడు డాక్టరునే చూస్తున్నాడు. "ఆరుగురు యాడ దొరికినారు సార్ మీకు?"

డాక్టరు క్యాలెండర్‌ను పక్కకు నెట్టాడు.

"మూఢనమ్మకాలకు నేను సమాధానం చెప్పను. సురేంద్రా, ఆ కవరు ఇలా ఇచ్చెయ్."

సురేంద్ర జేబులోంచి కవరు తీశాడు. నేను చెయ్యి చాచాను, డాక్టరూ చాచాడు. వాడు ఎవరికీ ఇవ్వలేదు. లక్క సీలు పళ్ళతో కొరికి చింపాడు. వేలితో వరస వెంట కిందికి దిగాడు, నలభై నాలుగు, నలభై ఐదు, నలభై ఆరు. వేలు ఆగింది. ఆగిన వేలు తిరిగి కదల్లేదు.

నేను వాడి చేతిలోంచి కాగితం లాక్కుని చదివాను. నవీన, వయసు ఇరవై రెండు, భర్త సురేంద్ర, ధర్మవరం.

"మా ఆవిడ పరిశోధనలో లేదు సార్" అన్నాడు. డాక్టరుకు సాయం చేస్తున్నట్టు, ఏదో పొరపాటు దిద్దుతున్నట్టు అన్నాడు. "పరిశోధన లేనోళ్ళకు కదా. మా ఆవిడది విడిగా చూస్తాను, నర్సును ఇంటికి పంపుతానంటిరి. బలానికి మాత్రలంటిరి. ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది, అంతే."

"మొదట్లో అరవైకి ముగ్గురు తక్కువయ్యారు" అన్నాడు డాక్టరు. "ఎవరినైనా చేర్చమని ఆ అమ్మాయికి చెప్పాను. ఎవరిని చేర్చిందో నేను చూడలేదు. చెప్పాగా, నేను పేర్లు చూడను."

"నాలుగో తారీకు మా ఇంటికొచ్చి చూసినారా?"

డాక్టరు కంప్యూటర్ తెర వైపు తిరిగాడు.

"నాలుగో తారీకు మా ఇంటికి తాళం సార్. తొమ్మిదో నెల పడిందని గురువారమే ముదిగుబ్బకు, వాళ్ళమ్మోళ్ళింటికి పంపితిమి. ఎవరిని చూసినారు? తాళం కప్పకు చూసినారా బీపీ?"

వాడు బల్ల మీదుగా దూకబోతే నడుం పట్టుకుని ఆపాను. డాక్టరు మీద జాలితో కాదు. టైము లేక.

"సురేంద్రా, ఇటు చూడు. ఆమెను ఎప్పుడు చూసినావు నువ్వు?"

"నిన్న. ఆదివారం కదా, పోయొచ్చినా."

"ఎట్లుండె?"

"తలనొప్పి అనె. కండ్ల ముందర ఏందో మెరుస్తాండాయి అనె. నన్ను కూడా ఈడికి తీసకపో, ఆస్పత్రిలో చూపీ అని చెయ్యి పట్టుకునె."

"నువ్వేమన్నావు?"

"పుట్టింటికి పోతానే వేషాలు మొదులుపెట్టినావా అంటి. చెయ్యి ఇదిలించుకుంటి. సార్ ఇచ్చిన మాత్రలు ఇంకో అట్ట ఇచ్చి, ఇవి మింగి పండుకో, అదే తగ్గుతాది అని... నేనే ఇచ్చొస్తి అన్నా. నా చేతులతో నేనే ఇచ్చొస్తి."

వాడిని ఓదార్చాలనిపించలేదు నాకు. గేటు దగ్గర నా ఎదురుగా తాగిన టీయే కళ్ళముందు మెదిలింది. ఆ యాభై నిమిషాలు గుర్తుచేశాను. గుర్తుచేయకూడదు, తెలుసు. చేశాను.

"ఫోన్ ఉండాదా వాళ్ళింట్లో?"

"ఎదురుగా నరసక్క అంగట్లో ఉండాది."

నంబరు వాడు చెబుతుంటే నేను నొక్కాను. ఒంటిగంటా ఇరవై. రెండుసార్లు కలవలేదు, మూడోసారి మోగింది. అందరికీ వినపడాలని స్పీకర్ బటన్ నొక్కాను. డాక్టరు లేచి తలుపు వైపు రెండడుగులు వేస్తే, గొళ్ళెం పెట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఎవురప్పా?" ముసలి గొంతు.

"నేను సురేంద్రను అక్కా. నవీన ఎట్లుండాది?"

"ఏమప్పా అల్లుడా, నిన్ననే కదా వచ్చిపోతివి." నరసక్క నవ్వింది. "తలకాయ పగిలిపోతాందని పొద్దున్నే నాతో అమృతాంజనం తీసకపాయె. మొగమంతా ఉబ్బిపోయిండాది. నిద్ర చాల్లేదేమోలే."

"వాళ్ళమ్మ యాడ?"

"శనక్కాయ చేనికి పొయ్యింది, కలుపు తీసేకి. మాపటికి గాని రాదు. ఆ పిల్ల ఒకతే ఉండాది."

"అక్కా, ఒక్కసారి పోయి చూడక్కా. ఇప్పుడే పో. ఫోన్ పెట్టొద్దు."

"పండుకోని ఉంటే లేపల్లనా? కడుపుతో ఉండే పిల్లను?"

"లేపక్కా! లేపు!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. అంగడి ముందు ఏదో బస్సు ఆగి హారన్ కొట్టి పోయింది. సురేంద్ర రెండు చేతులతో ఫోను పట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాడు. వాడి ముక్కు మీద నుంచి చెమట బొట్టు అంకెల మీద పడింది.

"ఫిట్స్ ఆపే మెగ్నీషియం ఇంజెక్షన్ ముదిగుబ్బలో దొరకదు" అన్నాడు డాక్టరు వెనకనుంచి, ఎవరో అడిగినట్టు. "ధర్మవరం తీసుకురావాలి. ముదిగుబ్బ నుంచి కారులో అయితే గంట."

"మీ కారు తాళాలు బల్ల మీద పెట్టండి" అన్నాను. పెట్టాడు.

నాలుగు నిమిషాలు పట్టింది. చెప్పుల చప్పుడు ఈసారి పరుగులా వచ్చింది. ఫోను ఎత్తిన నరసక్కకు ఊపిరి అందడం లేదు.

"పలకలేదప్పా. లోపల గడియ ఏసుకోనుండాది. నిద్రపోతాందేమోలే అనుకోని తలుపుకు చెవి పెడితి. లోపల మంచం దడదడా కొట్టుకుంటాండాదప్పా."